కరణముగారి గంటము, కుర్రవాని చాకు

గబ్బూరు పేరు వినగానే తెలిసినవారికి పాత గుడులును, శాసనములును జ్ఞప్తికి వచ్చును. రాయచూరు నుండి దేవదుర్గమునకు పోవు దారిలోనున్న మా గ్రామమునకు వచ్చు పెద్దలు వానిని చూచుటకే వత్తురు. వానిని గూర్చి శాసన పరిశోధకులు వ్రాసియున్నారు, ఇక ముందును వ్రాయుదురు. మెట్రికుతో చదువు చాలించి, జీవితములో ఎక్కువ భాగము దస్త్రముల నడుమ గడపిన నాబోటి గుమాస్తాకు ఆ పని మించినది. అందుచేత అరచేతిలో నిముడు వస్తువు నొకదానిని ఈ వ్యాసమునకు ఎన్నుకొంటిని. అది జేబుచాకు. పెద్దవాడొకడు చిన్నవానికి చాకును కానుకగా నీయదలచినచో ఎట్టిది కొనవలెను? అసలీయవచ్చునా? ప్రశ్న చిన్నదే గాని, దానిని పట్టుకొని వెనుకకు పోయినచో మన సీమ చరిత్ర కొంత బయటపడును.

చాకు అనగానే ఈ కాలమున ముందుగా తోచునది రౌడీ. ఉత్తరప్రదేశములోని రాంపురము పేరుతో వెలసిన రాంపురీ చాకును హిందీ సినిమాలు దుష్టపాత్రల చేతికిచ్చి దాని పరువు తీసినవి. మీట నొక్కగానే టక్కున తెరచుకొను ఆ శబ్దము వినని ప్రేక్షకుడు ఆ రోజులలో లేడు. కాని చిన్న మడతచాకు పూర్వచరిత్ర వీథి తగవులలో లేదు, వ్రాతపనిలో నున్నది. ఆయుధముగా వాడవలసినవానికి కఠారియు, బాకును వేరుగా నుండెను. రెండంగుళముల రేకుగల చిన్న కత్తిని నడుమున దోపుకొని తిరిగినవాడు ఎక్కువగా లేఖకుడే.

తాటాకు కాలము నుండి చూతము. ఆకును ఆరబెట్టి, అంచులు సమముగా కోసి, త్రాటికై రంధ్రము చేసిన తరువాతనే గంటము పని మొదలగును. కోయుటకు కత్తి లేనిదే గంటమునకు పనిలేదు. కావుననే దక్షిణదేశమున గంటమును కత్తిని ఒకే పిడికి అమర్చిన పనిముట్లు పుట్టినవి. కొన్నిటిలో రెండును పిడిలోనికి మడచుకొనును. కొన్నిటిలో గంటపు రెండవ కొన పలుచని కత్తివలె నుండును. కలిగినవారు వెండి తొడుగులును, దంతపు పిడులును చేయించుకొనిరి. మలబారు, కొడగు సీమలవి మ్యూజియములలో నేటికిని చూడవచ్చును. మన జేబుచాకునకు వీనిని తాతలనుకొన్నను తప్పులేదు.

కరణము కవిలెకట్టలకు ఈ పనిముట్టే ఆధారము. తాటాకుతో పాటు కడితము అను మరియొక సాధనము కూడ నుండెను. గుడ్డకు చింతగింజల అంబలియు బొగ్గుపొడియు పట్టించి, నల్లగా చేసి, మడతలు పెట్టి, బలపముతో వ్రాసెడివారు. తప్పు వచ్చినచో తుడిచి మరల వ్రాయవచ్చును. తెలుగులో ఆ మాట మరుగుపడినది. కర్ణాటక ప్రభుత్వ కార్యాలయములలో మాత్రము ఫైలును నేటికిని ‘కడత’ అనియే అందురు. సరిహద్దున బ్రతుకువారికి ఇట్టి లాభములు కొన్ని కలవు, ఇంట పోయిన మాట పొరుగింట దొరకును.

బహమనీల కాలము నుండి మా దోఆబులో మరియొక వ్రాత వచ్చి చేరినది. కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఈ నేలకొరకు విజయనగరమువారును, బహమనీలును, ఆపై బీజాపురపు సుల్తానులును ఎన్నిమారులు కలహించిరో లెక్కించుట కష్టము. 1520లో శ్రీకృష్ణదేవరాయలు రాయచూరు కోటను గెలిచినది చదువరులకు తెలిసినదే. కోట ఎవరి చేతిలోనున్నను లెక్కలు వ్రాయువాడు కావలెను. సుల్తానుల కచేరీలలో పారసీకమునకు పెద్దపీట వేసిరి. నిజాము రాజ్యమున అది 1880వ దశకము వరకు సాగి, పిదప ఉర్దూకు చోటిచ్చెను. ఈ వ్రాతకు గంటము పనికిరాదు, రెల్లుకలము కావలెను.

రెల్లుకలము చెక్కుట ఒక విద్య. దానికై ఉన్న కత్తికి పారసీకమున ‘కలంతరాష్’ అని పేరు, అనగా కలమును చెక్కునది. రెల్లును ఏటవాలుగా కోసి, లోని బెండును తీసి, కొనను సిరా దిగుటకు నడుమ చీల్చి, ‘మక్తా’ అను దంతపు పలకపై నుంచి, చివర నొక్క కోత వేయవలెను. ఆ కడపటి కోత ఒక్క ఊపున పడవలెను. రెండుమారులు కత్తి నడచినచో కొన చెదరును, అక్షరము బరుకుగా వచ్చును. కోత వాలునుబట్టి అక్షరపు లావు సన్నములు మారును గనుక, మంచి మున్షీ తన కలంతరాషును ఇతరుల చేతి కిచ్చుటకు జంకుట సహజమే. మనము వాడుచున్న ‘చాకు’ అను మాట కూడ పారసీకము నుండి ఉర్దూ ద్వారమున వచ్చినదే. పడమటి దేశములలోను ఇదే కథ. వారు పక్షి యీకతో వ్రాసిరి, ఆ యీకను చెక్కుటకు చిన్న కత్తి నుంచుకొనిరి. ఇంగ్లీషున జేబుచాకును నేటికిని పెన్‌నైఫ్ అందురు. ఈకలు పోయినను, ఆ పేరులో కలము నిలిచినది.

ఇక లోహము సంగతి. మా జిల్లాలోని మస్కి పేరు 1915లో లోకమునకు తెలిసినది. బంగారు గనుల ఇంజనీరు బీడన్ అచ్చట అశోకుని శాసనమును కనుగొనెను. అందు రాజు పేరు ‘అశోక’ అని స్పష్టముగా నుండుటచే చరిత్రకారులు సంబరపడిరి. ఆ శాసనము వచ్చుటకు మునుపే ఆ ప్రాంతమువారు ఇనుము నెరుగుదురు. అచ్చటి పెద్దరాతి సమాధులలో ఇనుప వస్తువులు దొరకినవి. కన్నడముననైనను తెలుగుననైనను గట్టి ఇనుమునకు మాట ఒక్కటే, ఉక్కు. ఈ మాటయే తెల్లవారి నోటబడి ‘వూట్జ్’ అయ్యెనని పండితులు చెప్పుదురు.

తెలంగాణములో ఈ ఉక్కునకు పేరుమోసిన ఊరు నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము. ఇనుమును మట్టి మూసలలో పెట్టి, గాలి చొరకుండ మూసి, కొలిమిలో చాలసేపు కాచి, మెల్లగా చల్లారనిచ్చి ఉక్కు ముద్దలు తీసెడివారు. వోయిసీ అను దొర దీనిని చూచి వ్రాసిన వర్ణనము, అతడు చనిపోయిన పిదప 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయ్యెను. ఇస్ఫహాను నుండి వచ్చిన వర్తకు డొకడు అచ్చటనే ఉండి సరకు కొనుచుండుటను కూడ అతడు పేర్కొనెను. పారసీకపు ఖడ్గములకు మన కమ్మరుల ముద్దలు పోవుచుండెనన్నమాట.

ఈ ఉక్కు చరిత్రలో నాకు మిక్కిలి ప్రియమైన ఘట్టము లండనులో జరిగినది. బొంబాయి నుండి డాక్టరు స్కాట్ అను నతడు వూట్జ్ ముద్దలను రాయల్ సొసైటీ అధ్యక్షుడైన సర్ జోసెఫ్ బ్యాంక్సునకు పంపెను. జార్జి పియర్సన్ అను శాస్త్రజ్ఞుడు వానిని పరీక్షించి 1795లో ఒక వ్యాసమును ప్రకటించెను. ముద్దను సాగగొట్టు పనిని స్టోడార్టు అను లండను కత్తుల పనివానికి ఒప్పగించిరి. అతడు దానితో మొదట చేసిన దేమి? ఖడ్గము గాదు, కఠారి గాదు. అధ్యక్షుని కోరిక మీద ఒక పెన్‌నైఫ్! చీకటిలో మాత్రమే ఎర్రగా కనుపించు కొద్ది వేడిలో దానిని సాగగొట్టి, ఫారన్‌హీటు మానమున 450 డిగ్రీల వద్ద పదను కుదిర్చెను. అంచు మేలైన ఉక్కుకత్తి అంచువలెనే కోసినదట. పని శ్రమతో కూడినదైనను, తమ దేశమున వాడుకలోనున్న ఉక్కులకంటె ఇది అనేక పనులకు మేలైనదని ఆ పనివాడు అభిప్రాయపడెను. తరువాత తన వ్యాపార ప్రకటనలోనే వూట్జ్‌తో కత్తులు చేయుదునని అచ్చువేయించుకొనెను. వంగదేశమును, మైసూరును, మరెన్నో సంస్థానములను లోబరచుకొనుచున్న జాతికి పెద్ద, మన ఉక్కు విలువను కలము చెక్కు కత్తితో తూచుట తలచినపుడెల్ల నాకు నవ్వు వచ్చును, గుమాస్తాననియేమో కొంత గర్వమును కలుగును.

ఆ స్టోడార్టే పిదప మైకేల్ ఫెరడేతో కలిసి ఉక్కు మిశ్రమములపై పరిశోధించి 1820లోను, 1822లోను వ్యాసములు ప్రకటించెను. విద్యుచ్ఛక్తి పరిశోధనలచే జగద్విఖ్యాతుడు కానున్న ఆ ఫెరడే, తమ ఉక్కుతో చేయించిన మంగలికత్తులను స్నేహితులకు కానుకలుగా పంచిపెట్టెను. పదునైన వస్తువును మిత్రున కిచ్చుటకు ఆయన సంకోచింపలేదు.

మన కొలిములు మాత్రము క్రమముగా చల్లారినవి. ఇంగ్లండులోని షెఫీల్డున హంట్స్‌మన్ అను గడియారముల పనివాడు 1740 ప్రాంతముననే మూసలో ఉక్కును కరగించు పద్ధతిని కనిపెట్టియుండెను. పెద్ద కొలుములతో, చవుకగా తయారైన వారి సరకునకు మన పల్లె కమ్మరి ఎదురు నిలువలేకపోయెను. 1871లో మద్రాసు రైలుమార్గమును, బొంబాయి వైపు నుండి వచ్చు మార్గమును రాయచూరున కలిసినవి. అటుపై సీమసరకు మా వైపు చేరుట తేలికయ్యెను. నక్షత్రమును, శిలువయు ముద్రగాగల రోడ్జర్సు కంపెనీ చాకు ఆ రోజులలో హోదాకు గుర్తు. పెద్ద ఉద్యోగి బల్లమీద సిరాబుడ్డి ప్రక్కన అది ఉండెడిది. ఉక్కుపాళీ వచ్చి ఈకను చెక్కు పనిని తప్పించినను, పెన్సిలు చెక్కుటకును, కాగితముపై పడిన తప్పు అక్షరమును గీకుటకును చాకు నిలిచినది. నేను కొలువున చేరునాటికి ఆ భాగ్యము కూడ లేదు. సగము విరిచిన క్షౌరపు బ్లేడే మా సర్వస్వము! దానితో పెన్సిలు చెక్కితిమి, టైపు తప్పులు గీకితిమి, పార్సెలు దారములు కోసితిమి. వ్రేళ్ళు కూడ కోసికొంటిమి.

గ్రామలేఖకుల కొలువులును ముగిసినవి. 1956 రాష్ట్ర పునర్విభజనములో ఆలంపురము, గద్వాల తాలూకాలు ఆంధ్రప్రదేశములోని మహబూబునగరు జిల్లాకు పోయి, మిగిలిన రాయచూరు మైసూరు రాష్ట్రమున చేరెను. మైసూరు రాష్ట్రములో వంశపారంపర్యపు గ్రామోద్యోగములు 1961 చట్టము ప్రకారము 1963 నుండి రద్దయినవి. ఆంధ్రప్రదేశములో కరణీకము 1984లో పోయెను. ఆ రద్దు మంచిదా చెడ్డదా అను తగవు ఇచ్చట వలదు. వంశపు చేతివాటము ఒక్క ఉత్తరువుతో ఆగిపోయిన ఇండ్లలో గంటము మాత్రము పూజలో మిగిలినది. మహర్నవమినాడు పుస్తకముల నడుమ దానికి పసుపు కుంకుమలు పెట్టుదురు. అది దేనికి వాడెడివారో పిల్ల లడిగినచో చెప్పగలవారు అరుదు.

మా చెల్లెలి నిచ్చినది గద్వాల వైపునున్న అట్టి కరణపు ఇంటికే. ఆమె కుమారుడు ఉద్యానవిద్యలో డిప్లొమా ముగించి, మామిడి అంటులు కట్టు పనిలో చేరినాడు. తండ్రి లేని పిల్లవాడు. మేనమామగా అతని మొదటి ఉద్యోగమునకు ఏదైన ఈయవలసియుండగా నాకు చాకు తోచినది. చెల్లెలు వినగానే, “అన్నయ్యా, బట్టలు పెట్టరాదా, ఇనుమెందుకు?” అనెను. కొట్టివేయదగిన మాట గాదది. మన ఇండ్లలో కత్తిని చేతి నుండి చేతి కీయరు, క్రింద పెట్టగా ఎదుటివారు తీసికొనవలెను. శనిదోషమునకు ఇనుమును, నువ్వులను, నూనెను దానమిత్తురు గనుక, ఊరక వచ్చిన ఇనుమును పుచ్చుకొనుటకు జంకుదురు. కత్తి కానుక బంధమును తెగగోయునను భయము తెల్లవారిలోను కలదు. అందుకు వారు కనిపెట్టిన ఉపాయము చక్కనిది. పుచ్చుకొన్నవాడు ఒక చిన్న నాణెమును తిరిగి ఇచ్చును. అప్పుడది కానుక గాక కొనుగోలగును, బంధమునకు భయము లేదు. ఒక గుమాస్తాగా నేను ఈ పద్ధతిని మెచ్చుకొందును. రొక్కము పుచ్చుకొన్నట్లు రసీదు ఒక్కటే తక్కువ.

నేను మా చెల్లెలికి చెప్పిన దేమనగా, మీ ఇంట గంటమును పెట్టు పీటమీదనే మహర్నవమినాడు దీనిని కూడ ఉంచుము, మరునాడు వాడే తీసికొనును, నా చేతికి ఒక రూపాయి ఈయనిమ్ము. ఆమె ఒప్పుకొన్నది. దానముగా వచ్చు ఇనుమువేరు, పూజలో నుండి తీసికొన్న పనిముట్టు వేరు అని ఆమెకు తోచినట్లున్నది.

ఇక ఎన్నిక. రాయచూరు అంగడిలో నా కన్ను కొమ్ముపిడిగల రెండురేకుల చాకుపై నిలిచినది. చూచుటకు ముద్దుగా నుండెను. కాని అది పెన్సిలు చెక్కువాని చాకు, నా కాలపు చాకు. కరణమునకు తాటాకు కోయు కత్తి, మున్షీకి రెల్లు చెక్కు కత్తి, బల్లదగ్గరి గుమాస్తాకు పెన్సిలు కత్తి. ఈ వరుసలో పుచ్చుకొనువాని పనియే చాకు రూపమును నిర్ణయించినది గాని ఇచ్చువాని జ్ఞాపకములు గావు. మా మేనల్లుని పని మామిడి పుల్ల కోయుట. మేలుజాతి పుల్లను నాటుమొక్క కాండమునకు అతికించునపుడు రెండు కోతలును అద్దమువలె నునుపుగా నుండి, బెరడు క్రింది పచ్చిపొర పచ్చిపొరను తాకవలెను. కోత ఒక్క ఊపున పడవలెను, గాడులు పడినచో అంటు చచ్చును. రెల్లుకలము విషయమున మున్షీ చెప్పునదే తోటమాలియు చెప్పును.

అట్టి పనికి అంటుచాకు వేరుగా కలదు. దాని అంచు తిన్నగా నుండును, ఒక ప్రక్కనే వాలు తీసియుండును, రెండవ ప్రక్క బల్లపరుపు. కుడిచేతివానికిని ఎడమచేతివానికిని వాలు వేరు గనుక, ఏ చేతివాడో తెలిసికొని కొనవలెను. మా వాడు ఎడమచేతివాడు. ఆ సంగతి తెలిసిన మేనమామకే గాని అంగడివానికి తోచదు.

మామూలు జేబుచాకు కొనదలచువారికిని కొన్ని మాటలు. తెరచినపుడు రేకు ప్రక్కలకు కదలరాదు. మూసినపుడు పిడి నడుమకు చేరవలెను, ఒక ప్రక్కను రాచుకొనరాదు. వెనుకనున్న స్ప్రింగు పట్టీ గట్టిగా పట్టవలెను గాని గోరు విరుగునంత బిగువు పనికిరాదు. తుప్పు పట్టని ఉక్కు షెఫీల్డువాడైన బ్రేర్లీ 1913లో కనుగొన్నది. వానకాలమునకును, నిమ్మపండు కోయుటకును అది మేలు. పాత తరహా కర్బనపు ఉక్కు మామిడికాయ పులుపునకు నల్లబడును, తుడువకున్న తుప్పుపట్టును, కాని సానకు త్వరగా లొంగి మంచి పదును నిచ్చును. దినము తుడుచుకొను ఓపిక గలవానికి కర్బనపుది, లేనివానికి రెండవది. స్విట్జర్లాండువారి ఎర్రపిడి చాకును చాలమంది కోరుదురు. 1897లో సైనికాధికారులకై పుట్టిన ఆ చాకులో కత్తితో పాటు మరలు త్రిప్పుటకును, డబ్బాలు తెరచుటకును సాధనములుండును. పట్టణములో నుండు కుర్రవానికి అది తగును. ఫ్రాన్సు దేశపు రైతుల ఓపినెల్ కర్రపిడితో తేలికగా నుండును. 1955 నుండి దానికి రేకు జారకుండ బిగించు ఉంగరము పెట్టుచున్నారు.

చట్టమును మరువరాదు. తొమ్మిదంగుళములకంటె పొడవైన, లేక రెండంగుళములకంటె వెడల్పైన రేకుగల కత్తులను ఆయుధముల నియమములు పట్టించుకొనును. ఇంటిపనికిని, వ్యవసాయమునకును, పరిశ్రమకును చేసినవానికి మినహాయింపు కలదు. మూడంగుళముల చాకునకు ఆ బాధ లేదు. అయినను విమానములో చేతిసంచిలో దానిని పోనీయరు, లోపల వేయు పెట్టెలో పెట్టవలెను. ఈ మాట చాకు నిచ్చునపుడే చెప్పుట మంచిది. చెప్పకున్న మొదటి ప్రయాణమునందే తనిఖీవారి తొట్టెలో కానుక మిగిలిపోవును.

చాకుతో పాటు చిన్న సానరాయి నొకదానిని కూడ పొట్లములో పెట్టితిని. అంటుచాకును సాన పట్టుట మామూలు చాకువంటిది గాదు. వాలుగానున్న ప్రక్కనే రాయిపై నడపవలెను. బల్లపరుపు ప్రక్కను చివర ఒక్కమారు రాతిపై పరచి తీసినచో అంచున లేచిన బరుకు రాలిపోవును. రెండు ప్రక్కల వాలు తీసినచో కోత వంకరపోవును. మామిడి జీడి ఎండకముందే రేకును తుడువవలెను. ఒక చెట్టు తెగులు మరియొక చెట్టునకు సోకకుండ నడుమనడుమ స్పిరిటు గుడ్డతో తుడుచుట తోటలవారి అలవాటు. దినము ముగిసిన పిదప ఒక్క చుక్క కొబ్బరినూనె మడత దగ్గర వేసి, రెండుమార్లు తెరచి మూసి, పొడిగుడ్డలో చుట్టి పెట్టవలెను.